తెర లేని పెట్టె

“అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. ఆ పెట్టె నాకక్కర్లేదు. తీసుకెళ్లి వాళ్ల ఆసుపత్రిలోనే పెట్టుకోమను. మాట పడిపోయినవాళ్లకి అక్కడ వైద్యం చేస్తారట కదా.”

మామగారు ఆ మాట అన్నప్పుడు ఆ ‘మీ ఆయన’ ఎక్కడో లేడు. మూడడుగుల దూరంలో గడప దగ్గరే ఉన్నాడు. ఒక బూటు కాలికి, రెండోది చేతిలో.

“నువ్వు కూడా చెప్పు,” అన్నాడు భార్యతో. “మూడు రోజుల నుంచి తప్పయిపోయిందంటున్నాను. అని అని నోరు నొప్పెడుతోంది.”

“విన్నారా మామయ్యా?” అంది కోడలు.

“నాకు లేనివి కళ్లమ్మా, చెవులు కాదు. చెవులు లేనివాడు ఈ ఇంట్లో ఇంకొకడున్నాడు.”

కోడలు ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది. ఆసుపత్రిలో నూటయాభై కంప్యూటర్లని కంటికి రెప్పలా చూసుకునే మనిషి, కన్నతండ్రి ఒక్క కంప్యూటర్ దగ్గర బోర్లాపడ్డాడు. నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

ఇంతా చేసి శనివారం జరిగినది రెండు గంటల పని. పెద్దవాళ్లిద్దరూ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. కొడుకు పక్కింటి నుంచి తెర ఒకటి మోసుకొచ్చాడు. ఎందుకంటే మామగారి కంప్యూటర్‌కి తెర లేదు. చూడనివాడికి తెర ఎందుకని ఇరవై రెండేళ్ల కిందటే దాన్ని ఊడదీసి ఎవరికో ఇచ్చేశారాయన. ఆ పెట్టె మాట్లాడుతుంది, ఆయన వింటారు. అంతే వాళ్లిద్దరి సంసారం.

కొడుకు పాత డిస్కు తీసి, జేబురుమాల్లో చుట్టి, సొరుగులో పెట్టాడు. కొత్త డిస్కు బిగించి, కంప్యూటర్‌ని నడిపించే లినక్స్‌లో కొత్త రకం ఎక్కించాడు. తెర మీద అన్నీ చక్కగా కనిపించాయి. తెర తిరిగి ఇచ్చేశాడు. నాన్న వచ్చి ఆశ్చర్యపోతాడనుకున్నాడు.

నాన్న వచ్చి కూర్చున్నాడు. మీట నొక్కాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. కొడుకు ఏవేవో చెప్పి చూశాడు. మామగారు మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అప్పటి నుంచి పెట్టెకీ మాట లేదు, ఆయనకీ కొడుకుతో మాట లేదు.

ఫోను మోగింది. చుక్కల అచ్చు ప్రెస్సు సూపర్వైజరమ్మ. చూపు లేని పిల్లలు వేళ్లతో చదువుకునే పుస్తకాలు అచ్చు వేసే చోటు అది. కోడలు ఫోను మామగారి పక్కన బల్ల మీద పెట్టింది.

“సార్, రేపు పొద్దున్న పదింటికల్లా ఏదో ఒకటి చెప్పండి. ఒకటో తారీఖు నుంచి ఆ పాత లినక్స్ ఉన్న మిషన్లని మా లైన్లోకి రానివ్వరు. దాన్ని చేసేవాళ్లు ఆపేశారు కదా, రేపు ఏదైనా తెగులు వస్తే దిక్కెవరని పైవాళ్లు అంటున్నారు. ఆరో తరగతి సైన్సు మీ దగ్గరే ఆగిపోయింది. మీరు మారనంటే వేరేవాళ్లకి పంపాలి. నాకిష్టమై కాదు సార్.”

“పంపెయ్యమ్మా,” అన్నారు మామగారు.

వంటింట్లో గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

“రేపు పదింటి దాకా ఆగుతాను సార్,” అని సూపర్వైజరమ్మ పెట్టేసింది.

అత్తగారు తడి చేతులతోనే వచ్చారు. “ఏమిటండీ ఆ మాట? ఇరవై రెండేళ్లుగా అచ్చుకి ముందు తప్పులు పట్టే ఆఖరు చదువు మీదే. మీ వేళ్లు దాటకుండా ఆ ప్రెస్సులోంచి ఒక్క పుస్తకం బయటికి పోయిందా? గుండెకి నలభై గదులని అచ్చేస్తే పట్టుకున్నది ఎవరు?”

“నాలుగు గదులే ఉంటాయని నాకు నమ్మకం లేదిప్పుడు. ఒకటి శనివారం మూతపడింది.”

ఆయన చమత్కరించారంటే లోపల బాగా నొచ్చుకున్నట్టు. ఆ సంగతి అత్తగారికి తెలుసు. కోడలికీ ఈ ఎనిమిదేళ్లలో తెలిసింది. కొడుక్కి మాత్రం తెలియదు. అతను రెండో బూటు కింద పడేసి లోపలికి వచ్చాడు.

“నాన్నా, నాకు అర్థం కావట్లేదు. ఏ రకమైనా లినక్స్ లినక్సే. పిండి ఒకటే, కలిపినవాడు వేరు, అంతే. మీ పాతదాన్ని చేసేది ఆరుగురు. ఆ ఆరుగురూ చేతులెత్తేశారు. ఇది వందలమంది చేస్తున్నది, పదేళ్లకీ ఢోకా లేదు. మాట్లాడకపోతే మాట్లాడిస్తాను. నాకు ఇంకో పూట టైమివ్వండి.”

మూడు రోజుల తర్వాత మొదటిసారి మామగారు మొహం కొడుకు వైపు తిప్పారు.

“చేతులెత్తెయ్యలేదురా. ఆర్నెల్ల ముందు ఉత్తరం రాశారు. ఇన్నాళ్లు చేశాం, ఇక చెయ్యలేం, మీరు వేరే నీడ చూసుకోండి అని. వాళ్లు చెప్పి వెళ్లారు. నువ్వు చెప్పకుండా వచ్చావు. తేడా తెలుస్తోందా?”

కొడుకు రెండో బూటు వెతుక్కున్నాడు. అది తొడుక్కుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక మామగారు కోడలితో అన్నారు. “చాలా ఏళ్ల కిందటమ్మా, ఓసారి దాని గొంతు ఇలాగే పోయింది. పక్కింటాయన చేత వాళ్లకి ఒక ఉత్తరం రాయించాను. రెండో రోజుకల్లా మందు పంపారు. ‘ఈ బాధ మీ ఒక్కరికే వచ్చి ఉండొచ్చు. ఒక్కరికి వచ్చినా వచ్చినట్టే’ అని రాశారు. వాళ్లెవరో నాకు తెలియదు. ఏ దేశమో తెలియదు. రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు వాళ్ల చెయ్యి వదిలి, నోరులేని దాన్ని ఇంట్లో పెట్టుకోమంటాడు వీడు.”

అత్తగారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, “అదీ కొత్తకోడలే కదా, వచ్చిన మొదట్లో ఎవరు మాట్లాడతారు? ఇది మాట్లాడిందా?” అన్నారు కోడల్ని చూపిస్తూ.

“నేను మొదటి రోజే మాట్లాడాను అత్తయ్యా.”

“అవును. అదీ నిజమే,” అని ఒప్పుకున్నారావిడ.

కోడలు పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. చూపు లేని మామగారికి కళ్లద్దాల కోడలని బంధువులు ఎనిమిదేళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆ జోకు అరిగిపోయినా ఎవరూ వదలరు.

ఆ రోజు దుకాణంలో ఆమెకి పని మీద మనసు లేదు. ఒక పెద్దాయన ఫ్రేము ముక్కు మీద నిలవట్లేదని వచ్చాడు. దాని మరలు బిగిస్తూ, ఫోనులో ఆ కొత్త లినక్స్ చేసినవాళ్లు రాసిన పుస్తకం తెరిచి పెట్టుకుంది. ఎలా ఎక్కించుకోవాలో చెప్పే పుస్తకం. వందకి పైగా పేజీలు. మొగుడు ఈ పుస్తకం చదివి ఉండడని ఆమెకి గట్టి నమ్మకం. పని వచ్చినవాళ్లు పుస్తకాలు చదవరు.

నలభై మూడో పేజీలో ఆమె చెయ్యి ఆగింది.

‘పెన్‌డ్రైవ్ నుంచి మొదలవగానే పెట్టె ఒకసారి కూత పెడుతుంది. కూత వినపడ్డాక ఎస్ మీట, ఆ తర్వాత ఎంటర్ మీట నొక్కండి. అక్కడి నుంచి ప్రతి ప్రశ్నా మాటల్లో వినిపిస్తుంది. తెర అక్కర్లేదు. ఇలా ఎక్కించుకుంటే, ఎక్కిన తర్వాత కూడా అది మాట్లాడుతూనే ఉంటుంది.’

ఆమె మళ్లీ చదివింది. మూడోసారి చదివింది. పెద్దాయన, “ఏమ్మా, విరిగిందా?” అన్నాడు.

“లేదండీ,” అంది. “అతుక్కుంటుందేమో.”

ఆయన వెళ్లగానే మొగుడికి ఫోను చేసింది. “ఒక్క మాట అడుగుతాను. శనివారం మీరు మొదలుపెట్టినప్పుడు ఏదైనా కూత వచ్చిందా?”

“కూతా? ఆ, వచ్చింది. కుయ్‌మని ఒకటి. మా ఆసుపత్రిలో పెట్టె కూసిందంటే లోపల ఏదో పోయినట్టే. రెండోసారి పెట్టినప్పుడూ కూసింది. చిరాకేసి, మూత విప్పి లోపలి బుల్లి స్పీకర్ తీగ పీకేశాను. ఏం?”

గోడ మీద అక్షరాల పట్టిక ఉంది. పైన పెద్దవి, కిందికి పోనుపోను చిన్నవి. ఆమె చూపు అట్టడుగు వరుస మీద ఆగింది.

“ఏమండీ, ఆ కూత మీ కోసం కాదు. మామయ్య కోసం.”

అటు వైపు కుర్చీ లాగిన చప్పుడైంది.

“తెర మోసుకొచ్చాను,” అన్నాడు. “అక్కర్లేని తెర తెచ్చి పెట్టి, కావాల్సిన తీగ పీకేశాను.”

ఇంటికి ఆమె అయిదింటికే వచ్చేసింది. కిటికీలోంచి ఎండ ఇంకా బల్ల మీదికి పడుతోంది. దుకాణం నుంచి కళ్లద్దాల మరలు తిప్పే సన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది. పుస్తకంలో ఉన్నది మామగారికి ఉన్నదున్నట్టు చదివి వినిపించింది.

ఆయన నమ్మలేదు. “మళ్లీ చదువు.”

చదివింది.

“ఇరవై రెండేళ్ల కిందట పాతది ఎక్కించినవాడు నా స్నేహితుడు. అప్పుడూ నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను, పెళ్లిచూపుల్లో పిల్లలా. ఎక్కించడం చూపున్నవాళ్ల పననుకున్నాను. ఇప్పుడెవరు చేస్తారు? నువ్వా?”

“నాకేం తెలుసు మామయ్యా. మీరే. నేను తీగ మాత్రం పెడతాను.”

తీగ ఎక్కడ పెట్టాలో కూడా ఆమెకి తెలియలేదు. మామగారే లోపల చెయ్యి పెట్టి, వేళ్లతో వెతికి, “ఇదిగో, ఈ మూల రెండు ముళ్లున్నాయి. నా గోరు ఉన్న చోట,” అన్నారు. ఆయన గోరు పక్కనే ఆమె తీగ గుచ్చింది. మూత బిగించింది. పెద్ద స్పీకర్లు కూడా కలిపింది. శనివారం పెట్టె పలకలేదని తీసేశాక అవి బల్ల కింద పడున్నాయి.

అత్తగారు వచ్చి తలుపుకి ఆనుకున్నారు. ఎప్పుడు వచ్చాడో, కొడుకు కూడా గడప అవతల నిలబడ్డాడు. లోపలికి రాలేదు. బూట్లు మాత్రం ఈసారి రెండూ చేతిలోనే ఉన్నాయి.

శనివారం కొడుకు వాడి వదిలేసిన పెన్‌డ్రైవ్ పెట్టి మామగారు మీట నొక్కారు.

ఫ్యాను తిరిగింది. ఒకటి, రెండు, మూడు. కూత వచ్చింది.

చిన్న కూత. పక్క గదిలో ఉంటే వినపడనంత. ఆ కూతకి మామగారి మొహం పైకి లేచింది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టు తిరిగారాయన. ఎస్ మీట. ఎంటర్ మీట.

ఏమీ లేదు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు.

“సిగ్గేమో,” అని అత్తగారు గొణిగారు.

పెట్టె మాట్లాడింది.

‘భాష ఎంచుకోండి’ అంది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతు, ఒత్తులన్నీ ఒకేలా పలికే గొంతు. అంత అందమైన మాట కోడలు ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“అదే గొంతు,” అన్నారు మామగారు. “అదే గొంతమ్మా. కాకపోతే పడుచుది.”

ఆయన ఏవో రెండు మీటలు నొక్కి వేగం పెంచుకున్నారు. ఇంకా పెంచారు. మాటలు ఒకదాని మీద ఒకటి పడి, గుప్పెడు గవ్వలు పళ్లెంలో పోసినట్టు గలగలమన్నాయి. ముగ్గురికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన వింటున్నారు, జవాబు కొడుతున్నారు, వింటున్నారు. ప్రశ్న పూర్తికాకముందే వేలు మీట మీదికి వెళ్లిపోతోంది.

చూద్దామంటే ఆ గదిలో ఏమీ లేదు. తెర లేదు. దీపం కూడా వేయలేదు. ఒక పెట్టె, ఒక ముసలాయన, పది వేళ్లు. పగలంతా మనుషులకి చూపు సరిచేసే కోడలు అక్కడ నిలబడి తనకి కనపడని పనిని కళ్లప్పగించి చూసింది. ఎనిమిదేళ్లుగా ఈయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను కదా అనుకుంది. ఈ రోడ్డు మీద ఆయన పరుగెత్తుతుంటే తను గడపలో ఆగిపోయింది. ఆమెకి భయం లాంటి గౌరవం కలిగింది.

మామగారు ఉన్నట్టుండి చేతులు ఆపారు. “పాస్‌వర్డు అడుగుతోంది. అందరూ అటు తిరగండి.”

ముగ్గురూ బుద్ధిగా గోడ వైపు తిరిగారు. తిరిగిన తర్వాత అత్తగారికి నవ్వొచ్చింది. “తిరక్కపోతే మీకెలా తెలుస్తుందండీ?”

“నీ గాజుల చప్పుడు వినపడదూ? పోయినసారి సగమే తిరిగావు.”

మూడు రోజుల్లో ఆ ఇంట్లో మొదటి నవ్వు అది. గడప అవతలి మనిషి నవ్వలేదు.

ఇంకొన్ని ప్రశ్నలయ్యాక మామగారు కుర్చీలో వెనక్కి వాలి, ఎవరితోనూ కానట్టు అన్నారు. “ఆ కూత పెట్టినవాడెవడో ఆలోచించావా అమ్మాయ్? వాడికి నా పేరు తెలియదు. ఇలాంటివాడొకడు ఉంటాడని, ఒక్కడే కూర్చుని మీట నొక్కుతాడని, పక్కన తెర చదివి పెట్టే దిక్కు ఉండదని అనుకుని, ఒక కూత పెట్టి వెళ్లాడు. ఎన్నేళ్లయిందో. నేను వచ్చేదాకా అది అక్కడే ఉంది. వాళ్లు ఆరుగురే మంచివాళ్లనుకున్నాను. ఎంతమందున్నారమ్మా లోకంలో!”

ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

పెట్టె మళ్లీ ఏదో గలగలమంది. ఆయన నిటారుగా కూర్చున్నారు. వేగం తగ్గించారు. అందరికీ అర్థమయ్యేంత తగ్గించి, మళ్లీ చెప్పించారు.

‘ఈ డిస్కు మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. చెరిగినది తిరిగి రాదు. చెరపమంటారా? ఒకటి, అవును. రెండు, కాదు.’

డిస్కు మీద ఉన్నది శనివారం కొడుకు చేసిన పని. ఒకటి నొక్కితే దాని చోట కొత్త లినక్స్ మళ్లీ ఎక్కుతుంది, ఆయన చేత్తో. రేపు పదింటికి ప్రెస్సుకి సరే అనొచ్చు. రెండు నొక్కితే పెన్‌డ్రైవ్ బయటికి, సొరుగులో జేబురుమాల్లో ఉన్న పాత డిస్కు లోపలికి. ఆ ఆరుగురి చెయ్యి వదలక్కర్లేదు. సైన్సు పుస్తకం మాత్రం వేరేవాళ్లకి పోతుంది. దాని వెనకాలే మిగతా పుస్తకాలూ పోతాయి.

మామగారు మీట నొక్కలేదు.

“విన్నారా?” అన్నారు మెల్లగా. “ఇది నన్ను అడుగుతోంది. శనివారం నుంచి ఈ ఇంట్లో మనుషులు బోలెడు చెప్పారు. ఇది మంచిది, అది పాతది, ఇది మారాలి, అది పోవాలి. మారతావా అని ఒక్కరూ అడగలేదు. పెట్టె అడిగింది.”

బూట్లు కింద పెట్టిన చప్పుడైంది. కొడుకు గడప దాటి వచ్చి తండ్రి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“నాన్నా. నేను అడుగుతున్నాను. మారతారా? వద్దంటే సొరుగులోది ఇప్పుడే నా చేత్తో పెడతాను. ప్రెస్సుకి ఏం చెప్పాలో మీరే చెప్పండి, నేను నోరెత్తను.”

ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. అప్పుడు మామగారు వేగం మళ్లీ ఎప్పట్లా పెంచారు. కుడిచెయ్యి పైవరుసలోని అంకెల మీదికి వెళ్లింది. ఒకటీ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆయన అరచెయ్యి రెంటినీ కప్పేసింది.

టక్. తర్వాత ఎంటర్.

ఏది నొక్కారో ఎవరికీ కనపడలేదు. పెట్టె గవ్వలు పోసినట్టు ఏదో చెప్పింది. మామగారు విన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

“ఏం నొక్కారు నాన్నా?”

“అది చెప్పిందిగా.”

కొడుకు అటూ ఇటూ చూశాడు. చూడటానికి అక్కడేమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు వింటూ, ఒక్కనాడు కూడా చెవి పెట్టని మనిషి, స్టూలు లాక్కుని తండ్రి పక్కన కూర్చున్నాడు. స్పీకర్‌కి చెవి ఆనించాడు.

“మళ్లీ చెప్పించండి నాన్నా,” అన్నాడు. “నాకు అర్థమయ్యేదాకా.”